రక్తం మరచిపోయిన సూదులు

వరంగల్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, మేడ మీద ఇల్లు. బాపు, అమ్మ, నానమ్మ, పెదనాయన కుటుంబం, అందరం కలిసే ఉండేవాళ్ళం. పెదనాయన కూతురు నాకంటే ఏడాది పెద్దది. అక్కా అని పిలిచేది మాటవరసకే. ఇద్దరం ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళం, ఒకే డబ్బాలో తినేవాళ్ళం, ఒకే రిబ్బను కోసం కొట్టుకునేవాళ్ళం.

ఒకటో తరగతిలో ఉండగా నాకు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. డెబ్బైల నడుమ మాట ఇది. ముందు కాళ్ళ మీద నీలం మచ్చలు కనబడ్డాయి. ఎక్కడా పడకపోయినా కమిలినట్టు ఉండేవి. తర్వాత జ్వరం పట్టుకుని వదల్లేదు. చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలయ్యాక అమ్మ నన్ను భుజాన వేసుకుని సికింద్రాబాదు ప్యాసింజరు ఎక్కింది. హైదరాబాదులో పెద్ద దవాఖానలో నన్ను చూసినావిడను మేము డాక్టరమ్మ అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. “నయమవుతుందని మాట ఇవ్వలేను. నా చేతనైనదంతా చేస్తానని మాత్రం మాట ఇస్తాను” అన్నదట అమ్మతో. అమ్మకు ఆ మాటే నచ్చింది. అప్పటిదాకా అడిగిన ప్రతివాళ్ళూ ఆకాశం కేసి చూపించినవాళ్ళే.

ఆ తర్వాత కొన్నేళ్ళు నా చిన్నతనం రైలుబండిలోనే గడిచిందని చెప్పాలి. కాజీపేటలో బండి ఆగినంతసేపూ రైల్వే క్వార్టర్ల పిల్లలు ఆడుకోవడం కిటికీలోంచి చూసేదాన్ని. ఘన్‌పూర్ దాటాక అమ్మ పెరుగన్నం డబ్బా విప్పేది. మందులకు జుట్టంతా ఊడిపోయింది. మాత్రలకు ముఖం పూరీలా పొంగింది. వెన్నులో సూది గుచ్చేటప్పుడు ఏడవకుండా ఉండటానికి ఎక్కాలు చదివేదాన్ని. పదమూడో ఎక్కం ఎవరైనా అప్పజెబితే ఇప్పటికీ నా నడుము దగ్గర చురుక్కుమంటుంది.

బతికాను. అలా బతికిన పిల్లలు ఆ రోజుల్లో తక్కువ. నేను బతికాను. డాక్టరమ్మ ఒకనాడు మాత్రలన్నీ ఆపేసి, అప్పుడప్పుడు వచ్చి చూపించుకొమ్మని పంపించింది. జుట్టు ముందుకంటే ఒత్తుగా, ఉంగరాలు తిరిగి వచ్చింది.

ఇదంతా బజారులో ఎవరికీ తెలియదు. నానమ్మ మొదటి రోజే తేల్చి చెప్పింది: “పిల్లకు రక్తం తక్కువైంది, బలానికి సూదులు ఇప్పిస్తున్నం. ఎవరడిగినా గింతే చెప్పాలె. ఆ బీమారి పేరు బజార్ల పడితే, పిల్ల బతికినన్ని దినాలు దాని ఎంటనే తిరుగుతది.” బాపు ఒప్పుకున్నాడు. అమ్మ ఔననలేదు, కాదనలేదు. ఇంట్లో ఆ జబ్బును ‘గది’ అనేవాళ్ళు, ‘అది’ అన్నట్టు. “గది తగ్గినంక”, “గది వచ్చినప్పుడు” అని. నాకు పేరు తెలుసు. దవాఖాన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. నాకు చదవడం వచ్చు కదా.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం. అప్పటికి మందులు ఆపి చాలా కాలమైంది. నేను ఏడో తరగతికి వచ్చాను. మా ఇంటి వెనక వాటాలో ఒక దర్జీ కుటుంబం అద్దెకుండేది. వాళ్ళ చిన్నకూతురు సాయంత్రమైతే పలక పట్టుకుని వచ్చి నా ఒళ్ళో కూర్చునేది. దానికి అ ఆలు దిద్దించింది నేనే. నేను తాగే గ్లాసులోనే నీళ్ళు తాగేది, నా పళ్ళెంలో చెయ్యి పెట్టేది.

ఒకనాడు ఆ పిల్ల రాలేదు. జ్వరమన్నారు. మర్నాటికి మెడ వాచి, దవడలూ మెడా కలిసిపోయాయి. ఊపిరి తీస్తే గొంతులో గరగరమని చప్పుడు. దర్జీ దాన్ని ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాడు. గొంతులో తెల్లటి తోలులాంటి పొర కట్టిందట. డాక్టర్లు చూడగానే కంఠసర్పి అన్నారు. ఇంగ్లీషులో డిఫ్తీరియా. ఆ పొర పెరిగితే ఊపిరి ఆడదని, దాని విషం గుండెకు పాకితే ఇంకా ప్రమాదమని చెప్పి, విడిగా ఒక గదిలో ఉంచారు. ఆ ఇంటి చుట్టుపక్కల పిల్లలందరినీ డాక్టరుకు చూపించమన్నారు.

అమ్మ అక్కను, నన్ను రిక్షా ఎక్కించి హనుమకొండలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కొత్తగా వచ్చి క్లినిక్ పెట్టాడు. చిన్న గది, సగం కర్టెన్. కర్టెన్‌కు ఇవతల బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు లోపలి మాట ప్రతి ముక్కా వినబడుతుంది. ఆ రోజు బెంచీ మీద మా బజారులో బట్టల దుకాణం వాళ్ళావిడ కూర్చుంది. ఆమె చెవిన పడిన మాట చీకటి పడేలోగా బజారంతా తిరిగేది.

డాక్టరు మా ఇద్దరి గొంతులూ టార్చిలైటు వేసి చూశాడు. చిన్నప్పుడు టీకాలు వేయించారా అని అడిగాడు.

“ఇద్దరికీ ఏపిచ్చినం సార్. ఒక్కటి ఇడువలే” అంది అమ్మ.

“అయితే ఏం ఫికర్ లేదమ్మా. ఆ సూదులు పడ్డ పిల్లలకు ఇది సాధారణంగా రాదు. ముందుజాగ్రత్తకు మాత్రలు రాస్తున్న, వాడున్రి.”

అక్క అప్పటికే స్టూలు దిగి చెప్పులు వేసుకుంటోంది. అమ్మ మాత్రం లేవలేదు.

“సార్, ఒక్క మాట అడగాలె.”

“అడగమ్మా.”

“దీని నెత్తిమీది ఎంటికలన్ని ఊసిపోయినయి. గోర్లు నల్లగైనయి. నోట్లె తోలంత పోయింది. ఒంట్ల పాతది ఏదీ ఉంచకుంట మందులు పోసిన్రు. గన్ని మందులు పోసినంక, చిన్నగున్నప్పుడు ఏసిన సూదుల బలం మాత్రం అట్లనే ఉంటదా సార్?”

డాక్టరు రాస్తున్న చెయ్యి ఆపాడు. “ఏం మందులమ్మా? ఎందుకు?”

అమ్మ ఒక్కసారి కర్టెన్ కేసి చూసింది. కర్టెన్ కింద బట్టల దుకాణం ఆవిడ పట్టుచీర అంచు, వెండి మట్టెలు కనబడుతున్నాయి. ఆ తర్వాత అమ్మ గొంతు తగ్గించలేదు. ఇంకాస్త పెంచినట్టే అనిపించింది నాకు.

“బ్లడ్ క్యాన్సర్ మందులు సార్. నా బిడ్డకు బ్లడ్ క్యాన్సర్ అయింది. హైదరాబాద్ల మందులిప్పిచ్చినం. తగ్గింది.”

కర్టెన్ అవతల గుసగుసలు ఆగిపోయాయి. అక్క ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవడం మరిచిపోయి నిలబడింది. నాకు మాత్రం భయం వేయలేదు. ఆ పేరు అమ్మ నోట వినడం అదే మొదటిసారి. ‘తగ్గింది’ అనే మాటను ఆమె ఎంత గట్టిగా నొక్కి అన్నదంటే, పరీక్షలో ఫస్టు వచ్చినట్టు నా ముఖం వెలిగింది.

డాక్టరు నన్ను మళ్ళీ దగ్గరికి పిలిచి, ఈసారి కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. “టీకా వేస్తే ఆ జబ్బు ఎట్లుంటదో రక్తంలోని తెల్లకణాలు గుర్తు పెట్టుకుంటయి. ఎప్పుడన్న ఆ జబ్బు వస్తే వెంటనే ఎదుర్కొంటయి. ఆ క్యాన్సర్ మందులు చంపేది ఆ తెల్లకణాలనే. అంటే గుర్తున్న కణాలు కొన్ని పోయి ఉండొచ్చు. పోయినయో ఉన్నయో నేను చెప్పలేనమ్మా. మీరడిగినదాంక నేను ఆ మాట ఆలోచించలే” అన్నాడు. అక్కడికక్కడే హైదరాబాదుకు ట్రంక్ కాల్ బుక్ చేసి, లైను కలిసేదాకా మమ్మల్ని కూర్చోబెట్టి, డాక్టరమ్మతో మాట్లాడాడు. ఇద్దరు పిల్లలనూ తీసుకుని రమ్మని ఆమె చెప్పింది. ఒకరి పక్కన ఒకరిని పెట్టి చూస్తేనే నా సంగతి బాగా తెలుస్తుందట.

మేము ఇల్లు చేరేసరికి కబురు మాకంటే ముందే చేరింది. బాపు దుకాణంలోంచి పైకి వచ్చి కూర్చున్నాడు. నానమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఇన్నేండ్ల సంది కడుపుల దాసుకున్న ముచ్చట, పోయి బెంచీ మీద పెట్టి వచ్చినవా?” అంది.

“డాక్టర్‌కు బీమారి చెప్పకుంట మందెట్ల అడుగుత అత్తమ్మా?”

“తగ్గిపోయిందాన్ని మల్ల ఎందుకు కెలుకుడు? గీ సూదులన్ని పొడిస్తే నిద్ర పోతాందాన్ని లేపినట్టు గాదా?”

ఆ భయం అమ్మకూ ఉందని ఆమె ముఖం చూస్తే నాకు అర్థమైంది. “గా మాట కూడ డాక్టరమ్మనే అడుగుత” అంది చివరికి. బాపు ఆ తర్వాత లేచి, “పొద్దుగాల బండికే పొండ్రి. నేను స్టేషన్ దాంక వస్త” అన్నాడు. మా ఇంట్లో తీర్పులు అలాగే వచ్చేవి.

డాక్టరమ్మ మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, మా నాలుగు చేతులూ బల్ల మీద చాపించింది. ఎడమ చేతి తోలు కింద కంఠసర్పి విషాన్ని, పిట్టకు కూడా ఏమీ కానంత పలచన చేసి, చుక్కంత ఎక్కించింది. కుడి చేతికి అదే విషాన్ని కాచి చంపి ఎక్కించింది. “ఒంట్లో పాత టీకా బలం ఉంటే, లోపలికి పోయిన విషాన్ని అదే విరిచేస్తుంది. ఎడమ చెయ్యి మామూలుగా ఉంటుంది. బలం లేకపోతే అక్కడ ఎర్రబడుతుంది. కుడి చెయ్యి తేడా తెలియడానికి” అని అమ్మకు విడమరిచి చెప్పింది. సికింద్రాబాదులో మా మేనత్త ఇంట్లో దిగాము. అక్క, నేను లేచిన దగ్గర్నించి చేతులు చూసుకోవడమే పని. 

మర్నాడే నా ఎడమ చెయ్యి కొంచెం దురద పెట్టింది. ఆ మర్నాటికి రూపాయి బిళ్ళంత ఎర్రగా, గట్టిగా తేలింది. కుడి చెయ్యి మామూలే. అక్క చేతులు రెండూ నున్నగా ఉన్నాయి. అక్క నా చేతిని, తన చేతిని మార్చి మార్చి చూసి, “నాది కూడ జర ఎర్రగున్నది చూడు” అంది. ఏమీ లేదు. నాకు తోడుగా ఉండాలని దాని తాపత్రయం. నన్ను ఒంటరిగా వదలడం ఇష్టం లేక లేని ఎరుపును వెతుక్కుంది.

డాక్టరమ్మ ఆ ఎర్రమచ్చను వేలితో తడిమి, “నీ ఒళ్ళు ఆ సూదుల్ని మరిచిపోయింది” అంది. నాకు చాలా కోపమొచ్చింది. తరగతిలో నేనేదీ మరిచిపోయే పిల్లను కాదు. నా రక్తం నా పరువు తీసినట్టు అనిపించింది.

అమ్మ భయపడుతుందేమోనని ఆమె కేసి చూశాను. అమ్మ గట్టిగా ఊపిరి వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుని, “మంచిది. తెలిసింది గద” అంది. తర్వాత వరసగా అడగడం మొదలుపెట్టింది. మళ్ళీ టీకాలు వేస్తే దీని ఒళ్ళు నేర్చుకుంటుందా? నేర్చుకున్నది ఈసారి నిలుస్తుందా? అన్నిటికంటే చివర, కాస్త తడబడుతూ, నానమ్మ మాట అడిగింది. “ఈ సూదులతోని గది మల్ల లేస్తదా డాక్టరమ్మా?”

“లేవదు. ఈ టీకాలో ఉండేది విరిచేసిన విషం. దానికీ క్యాన్సర్‌కూ ఏ సంబంధమూ లేదు. మందులు వాడేటప్పుడు వేసి ఉంటే ఒళ్ళు పట్టించుకునేది కాదు. ఇప్పుడు మందులు ఆపి చాలా కాలమైంది, రక్తం బాగుంది. తప్పకుండా నేర్చుకుంటుంది” అంది డాక్టరమ్మ. ఆమె అంత మాట ఇవ్వగా మేము వినడం అదే మొదలు. ధనుర్వాతం టీకా కూడా మళ్ళీ మొదటి నుంచి వేయిద్దామంది. 

మొదటి సూది అక్కడే వేసింది. మిగతావి హనుమకొండ డాక్టరు వేశాడు. ప్రతిసారీ ఆయన సూది వేశాక, “ఎట్లున్నది టీచర్‌గారూ, మీ రక్తం పాఠం చదువుతున్నదా?” అని నన్ను నవ్వించేవాడు. చెయ్యి వాచి, జడ వేసుకోవడానికి కూడా పైకి లేచేది కాదు. నానమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి తెచ్చి, చెయ్యి కాపడం పెడుతూ కూర్చుంది. “నొస్తాంది అంటే నేర్సుకుంటాంది అనుకోవాలె” అని తనకు తానే చెప్పుకుంది.

బజారు సంగతి వేరే. బట్టల దుకాణం ఆవిడ తన పని తాను చేసింది. బళ్ళో కొందరు నా పక్కన కూర్చోవడం మానేశారు. నీళ్ళ కుండ దగ్గర నేను నిలబడితే వెనక్కి జరిగేవాళ్ళు. ఒక టీచరు నన్ను చివరి బెంచీకి మార్చింది. అక్క తన తరగతి వదిలిపెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. లేవమంటే లేవలేదు. దాంతో అమ్మను పిలిపించారు. అమ్మ హెడ్మాస్టరు ఎదుట నిలబడి, “ఈ బీమారి ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు సార్. ఇన్నేండ్లు దీని పక్కల పడుకున్న పిల్ల ఇగో, మీ ముంగటనే ఉన్నది. అంటుకునేది కంఠసర్పి. దానికి మాత్రం పిల్లలందరికి సూదులు ఏపియ్యున్రి” అంది. హెడ్మాస్టరు మంచివాడు. ఆ మర్నాడే నన్ను మొదటి బెంచీలోకి తెచ్చాడు. హనుమకొండ డాక్టరు వచ్చి బళ్ళో టీకాలు పడని పిల్లల్ని వెతికి సూదులు వేశాడు. వాళ్ళలో నన్ను చూసి వెనక్కి జరిగినవాళ్ళు కూడా ఉన్నారు. సూది నొప్పికి వాళ్ళు పెట్టిన కేకలు నేను వరండాలో నిలబడి హాయిగా విన్నాను.

దర్జీ కూతురు ఇంటికి వచ్చింది. గుర్రపు రక్తంతో చేసిన విరుగుడు మందు వేళకు పడటం వల్ల దాని ప్రాణం దక్కింది. కానీ చాన్నాళ్ళు ముక్కుతో మాట్లాడేది. నీళ్ళు తాగితే ముక్కులోంచి బయటికి వచ్చేవి. గొంతు కండరాలు పట్టు తప్పాయట. అవి మెల్లగా సర్దుకున్నాయి. ‘ణ’ అక్షరం చెప్పేటప్పుడు మాత్రం దానికి ఆ రోజుల్లో సాటి లేదు.

చలికాలం పోయాక మళ్ళీ హైదరాబాదు వెళ్ళాము. మళ్ళీ అదే చుక్క, అదే ఎడమ చెయ్యి. ఈసారి ఏమీ లేవలేదు. ఎర్రదనం లేదు, గట్టిదనం లేదు. డాక్టరమ్మ తన దగ్గర చదువుకునే డాక్టర్లను పిలిచి నా రెండు చేతులూ చూపించింది. “ఈ అమ్మాయికి మందులయ్యాక టీకాల సంగతి చూడాలని మనకు తట్టలేదు. వాళ్ళమ్మకు తట్టింది” అని వాళ్ళతో అంది. అమ్మ సిగ్గుపడి, పక్కకు తిరిగి, నా జాకెట్టు బొత్తాలు సరిచేసింది. సరిగ్గా ఉన్న బొత్తాలనే విప్పి పెట్టింది.

ఆ తర్వాత మూడేళ్ళకు ఒక మధ్యాహ్నం దుకాణం దగ్గరికి ఒకాయన వచ్చాడు. భుజం మీద తుండుగుడ్డ, కాళ్ళకు దుమ్ము. మరిపెడ దగ్గరి పల్లె, కూలి పని చేసుకునే మనిషి. గిన్నెల బేరానికి వచ్చాడనుకుని బాపు లోటాలు చూపించబోయాడు.

“సామాన్లకు రాలే అయ్యా. ఈడ ఒక ఆడపిల్లకు రక్తం క్యాన్సర్ అయ్యి తగ్గిందని సంతల చెప్తే ఇన్న. ఆ పిల్లను చూసి పోదామని వచ్చిన” అన్నాడు.

బాపు లోటాలు పక్కన పెట్టాడు. తర్వాత మెట్ల కింద నిలబడి నన్ను పిలిచాడు. పేరుపెట్టి, గట్టిగా, బజారంతా వినబడేట్టు. నేను పుస్తకం చేత్తో పట్టుకునే దిగాను. ఆయన నన్ను తల నుంచి కాళ్ళదాకా చూశాడు. జడ చూశాడు. 

“గీ పిల్లేనా? బడికి పోతదా?”

“పదో తరగతి చదువుతున్న” అన్నాను. “సైకిల్ కూడ తొక్కుత.”

ఆయన అక్కడే, దుకాణం మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. ఐదేళ్ళ కూతురట. అదే నీలం మచ్చలు, అదే జ్వరం. డాక్టర్లు పేరు చెప్పారు గాని, ఊళ్ళో అందరూ ఇంటికి తీసుకుపోయి కళ్ళ ముందు ఉంచుకోమన్నారట. అమ్మ పైనుంచి దిగి వచ్చి ఆయనకు మంచినీళ్ళిచ్చింది. ఏ బండి ఎక్కాలో, దవాఖానలో ఏ కిటికీ దగ్గర నిలబడాలో, డాక్టరమ్మ మాట తక్కువైనా ఎందుకు నమ్మాలో చెప్పింది. మొదటిసారి తనే వాళ్ళ వెంట వెళ్ళింది. నానమ్మ వాళ్ళకు దారిలో తినడానికి రొట్టెలు కట్టిచ్చింది. జబ్బు పేరు చెప్పి మరీ కట్టిచ్చింది, “బ్లడ్ క్యాన్సర్ పిల్లకు కారం పడది, పచ్చడి ఒద్దు” అని.

ఆ పిల్లకు కూడా జుట్టు పోయింది, వచ్చింది. నడుమ ఒకసారి జ్వరం వచ్చి మా అందరినీ భయపెట్టింది. అయినా గట్టెక్కింది. మందులు పూర్తయి చాలా రోజులయ్యాక తల్లీకూతుళ్ళు హైదరాబాదు నుంచి తిరిగి వస్తూ మా ఇంట్లో ఆగారు. ఆ పిల్ల చెయ్యి ఎత్తలేక వంకరగా పట్టుకుని ఉంది.

అమ్మ ఆత్రంగా అడిగింది: “సూదులు మల్ల ఏపిచ్చిన్రా? నేను చెప్పిన మాట డాక్టరమ్మను అడిగిన్రా?”

“అడిగే పనే పడలే అక్కా” అంది ఆ తల్లి. “ఇప్పుడు ఆడికచ్చే పిల్లలందరికి, మందులైనంక పరీక్ష జేసి మల్ల ఏస్తాన్రట. మాకు ముందుగాలనే చెప్పిన్రు.”

అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఉప్పు వేయించి, ఆ పిల్ల చేతికి కాపడం పెట్టమని నాకు ఇచ్చింది.